పట్టుగ్రంథికి లెక్క కట్టిన రోజులు

1980లలో కొత్తచెరువు వైపు నుంచి బెంగళూరుకు పట్టు రెండు దారుల్లో వెళ్లేది. ఒకటి ధర్మవరం మగ్గం మీద చీరై, మడతలు పడి, వ్యాపారి మూటలో వెళ్లేది. రెండోది చిల్లులు పెట్టిన అట్టపెట్టెలో, మల్బరీ ఆకు నములుతూ, ప్రాణంతో వెళ్లేది. ఈ రెండో సరుకు మోసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. పెనుకొండలో రాత్రి రైలెక్కి పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, ఎదుటి సీటువాళ్లు మిఠాయి పెట్టె అనుకునేవాళ్లు. మూత తీసి చూపించాక పక్కకు జరిగి కూర్చునేవాళ్లు. శ్రీ సత్యసాయి ప్రశాంతి నిలయం స్టేషను 2000లో గానీ రాలేదు. అంతవరకు మాకు రైలంటే పెనుకొండ, కాదంటే ధర్మవరం.

ఆ పురుగులు చేరేది ఒక బయోకెమిస్ట్రీ ప్రయోగశాలకు. నేను అక్కడ పరిశోధక విద్యార్థిని. పురుగుల పట్టుగ్రంథిని తీసి, నూరి, అందులోని ఒక ఎంజైము ఎంత చురుగ్గా పనిచేస్తోందో రేడియోధార్మిక కార్బన్‌తో కొలవడం నా పని. ఆ పని చేసే తీరు, దాని కోసం కట్టిన ప్రత్యేకమైన గదులు, రాత్రంతా నడిచే లెక్కల యంత్రాలు, సంతకాల రిజిస్టర్లు ఇప్పుడు చాలాచోట్ల లేవు. ఆ బతుకు బతికినవాళ్లం రిటైరై చెరువుకట్ట మీద నడుస్తున్నాం. అందుకే ఈ నాలుగు మాటలు.

మా ప్రాంతం గురించి ముందు చెప్పాలి. వానను నమ్ముకున్న పొలంలో వేరుశెనగ, బోరు ఉన్నచోట మల్బరీ. గూళ్లు అమ్మాలంటే హిందూపురం మార్కెట్టు, పట్టు నేయాలంటే ధర్మవరం. ఈ రెంటి మధ్యలో ఉన్న కొత్తచెరువు, బుక్కపట్నం పల్లెల్లో మా చిన్నప్పుడు పురుగుల షెడ్డు ఉన్న ఇంటికి ఒక రకమైన నిశ్శబ్దం ఉండేది. షెడ్డు దగ్గర పొగాకు కాల్చకూడదు, ఘాటు వాసనలు రానివ్వకూడదు. పురుగు పొర విడిచే ముందు మేత మాని తల ఎత్తి కదలకుండా ఉండిపోతే ‘జ్వరం’ వచ్చింది అనేవాళ్లు. అలాంటి జ్వరాలు నాలుగు. నాలుగో జ్వరం లేచాక అది తినే తిండి చూడాలి. ఆకు వేసిన కాసేపటికి షెడ్డులో సన్నటి వాన పడుతున్నంత చప్పుడు. వారం, ఎనిమిది రోజులు అలా తిని, ఒళ్లు పాలిపోయి లోపలి వెలుతురు కనపడేలా పండుతుంది. అప్పుడు గూడు కట్టుకోవడానికి చంద్రికల మీదకు ఏరి వేస్తారు. పండటానికి ముందున్న ఆ కొద్ది రోజులే మా ప్రయోగశాలకు కావలసినవి.

ఎందుకంటే ఆ రోజుల్లో పురుగు లోపల జరిగేది మామూలు విషయం కాదు. నాలుగో జ్వరం తర్వాత వచ్చే ఐదో దశ చివరికి పురుగు బరువులో దాదాపు 40 శాతం దాకా పట్టుగ్రంథిదే. గ్రంథి వెనక భాగంలో ఫైబ్రాయిన్ అనే ప్రోటీన్ తయారవుతుంది. మనం పట్టు అనేది ప్రధానంగా దాన్నే. ఒక్కో వైపు సుమారు ఐదు వందల కణాలే ఉంటాయి. ఆ కణాలు సంఖ్యలో పెరగవు, విభజన చెందకుండానే తమ డీఎన్ఏను మాత్రం లక్షల రెట్లు పెంచుకుంటాయి. ఫైబ్రాయిన్‌లో దాదాపు 45 శాతం గ్లైసిన్, 30 శాతం అలనిన్, 12 శాతం సెరిన్. అంటే ఈ మూడూ కాక మిగతా అమైనో ఆమ్లాలు ఈ గ్రంథికి అంతగా పట్టవు, అన్నిటికన్నా గ్లైసిన్ మీద తీరని ఆకలి. గ్లైసిన్‌ను, దాన్ని మోసుకెళ్లే టీఆర్ఎన్ఏ అణువుకు అతికించి ప్రోటీన్ తయారయ్యే చోటికి పంపించే ఎంజైము ఒకటుంది. దాని పేరు గ్లైసిల్ టీఆర్ఎన్ఏ సింథెటేజ్. పురుగు జ్వరం లేచిన మొదటి రోజు ఆ ఎంజైము ఎంత, పండే ముందు ఎంత? మేం అడిగే ప్రశ్న ఇదొక్కటే.

ఈ ప్రశ్న ప్రపంచంలో మా ఒక్కరిదే కాదు. ఫ్రాన్సులోని లియాన్‌లో గారెల్ బృందం 1970లలో, పట్టుగ్రంథిలో టీఆర్ఎన్ఏల పాళ్లు తయారయ్యే పట్టుకు తగ్గట్టు మారతాయని చూపించింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.పి. గోపీనాథన్ పట్టుపురుగు టీఆర్ఎన్ఏ జన్యువుల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. హిందూపురం మార్కెట్లో కిలో ఎంత పలికిందని రైతు అడిగే గూడు వెనక ఇంత శాస్త్రం ఉందని నాకు తెలిసింది ఇల్లు వదిలాకే.

పురుగుల కోసం వెళ్లినప్పుడల్లా మా బావ నన్ను ఆటపట్టించేవాడు.

“ఏం బామ్మర్దీ, రేడియో అంటావు, ధార్మికం అంటావు. పురుగు పాటలు పాడుతుందా?”

“పాడదు బావా, చిటుక్కుమంటుంది. అది కూడా యంత్రానికే వినపడుతుంది.”

ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది గొర్రెల మాటల్లోనే. నాలుగు మందలు ఒకే బీట్లో కలిసి మేస్తుంటే మన గొర్రె వీపు మీద ఎర్రరంగు పూస్తాం. అది గొర్రెలాగే మేస్తుంది, గొర్రెలాగే నడుస్తుంది, కానీ సాయంత్రం ఏ దొడ్లో చేరిందో దూరం నుంచే తెలుస్తుంది. కార్బన్-14 ఉన్న గ్లైసిన్ అలాంటిది. ఎంజైముకు అది మామూలు గ్లైసినే, తేడా తెలియదు. మాకు మాత్రం అది ఎక్కడ చేరిందో తెలుస్తుంది. “మరి రంగు పూయని గొర్రెలు ఎన్ని కలిశాయో తెలియకపోతే?” అన్నాడు బావ. బయోకెమిస్ట్రీ చదవని ఆ రైతు అడిగిన ఆ ప్రశ్నే మా పద్ధతికంతటికీ ఆయువుపట్టు. దాని సంగతి తర్వాత చెబుతాను.

ఈ గుర్తు పెట్టే ఆలోచన హంగరీలో పుట్టిన జార్జ్ హెవెషీది. 1923లో ఆయన రేడియోధార్మిక సీసం మొక్కలో ఎటు పోతుందో చూశాడు, 1943 నోబెల్ ఆయనకు దక్కింది. జీవరసాయనానికి అసలైన వరం కార్బన్-14. దాన్ని 1940 ఫిబ్రవరిలో అమెరికాలోని బర్క్‌లీలో మార్టిన్ కామెన్, శామ్ రూబెన్ కనుక్కున్నారు. బోస్టన్‌లో పాల్ జామెక్నిక్, మలన్ హోగ్లండ్ 1950లలో ఎలుక కాలేయాన్ని నూరి, కార్బన్-14 అమైనో ఆమ్లాలు కలిపి, అవి ప్రోటీన్‌లోకి వెళ్లే దారి వెతికారు. ఆ వెతుకులాటలోనే అమైనో ఆమ్లాలను సిద్ధం చేసే ఈ ఎంజైములూ, టీఆర్ఎన్ఏ కూడా బయటపడ్డాయి. కొత్తచెరువు పురుగు మీద మేం చేసింది ఆ బోస్టన్ పనికి మనుమరాలు లాంటి పని.

అదే బోస్టన్‌లో అంతకు ముందే మన తెలుగువాడు ఒక దారి వేసి ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, తన గురువు సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫేటును నీలిరంగుగా మార్చి కొలిచే పద్ధతి ప్రచురించాడు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి చేయని జీవరసాయన విద్యార్థి మా తరంలో లేడు. ఆ పద్ధతితోనే ఆయన కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, తర్వాత 1929లో ఏటీపీని గుర్తించాడు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా ఏటీపీని కనుక్కున్నాడు. మా గ్లైసిన్ ఎంజైము ఆ ఏటీపీ లేకపోతే కదలదు. కాబట్టి ప్రతి గొట్టంలోనూ సుబ్బారావు ఉన్నట్టే. కానీ ఆయన నీలిరంగు బాగా కొలవాలంటే మైక్రోమోలులో పదో వంతు స్థాయిలోనైనా ఫాస్ఫేటు ఉండాలి. మా ఎంజైము ఇచ్చే పంట పైకోమోళ్లలో. పైకోమోలు గ్లైసిన్ అంటే, గ్రామును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో 75 భాగాలు. అక్కడ రంగు పనికిరాదు. రేడియోధార్మికత ఒక్కటే దారి.

ఇక పని ఎలా జరిగేదో చెబుతాను.

గుర్తున్న గ్లైసిన్ ట్రాంబే నుంచి వచ్చేది, లేదా విదేశం నుంచి. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్ల ఐసోటోపు విభాగం దేశంలో ప్రయోగశాలలన్నిటికీ గుర్తు పెట్టిన రసాయనాలు పంపేది. 1989 నుంచి ఆ పనిని బ్రిట్ అనే సంస్థ చూసుకుంటోంది. విదేశీ పొట్లమైతే డ్రై ఐసులో పెట్టి పంపేవాళ్లు. అది దారిలో ఎక్కడో ఒక కార్యాలయం బల్ల మీద ఆగిపోయి, డ్రై ఐసు ఆవిరైపోయి, మాకు చేరేసరికి పొట్లంలో చల్లదనం కూడా మిగిలేది కాదు. కార్బన్-14కు అర్ధాయువు 5730 ఏళ్లు గనుక గుర్తు పోదు. ఆ గుర్తు మోసే అణువు మాత్రం చెడిపోవచ్చు. అందుకే వచ్చిన ప్రతి సీసానూ మొదట కాగితం క్రొమటోగ్రఫీ మీద నడిపి, ఒక్కటే చుక్క వస్తోందా లేదా అని చూసుకున్నాకే స్టాకు రిజిస్టరులో ఎక్కించేవాళ్లం.

పురుగును ఐసు మీద చల్లబరిచి, చల్లటి ఉప్పునీళ్లలో వీపు మీద సన్నగా కోసి తెరిస్తే గ్రంథి కనపడేది. ముందు భాగం నూలుపోగంత, మధ్యది లావుగా వంకరలు తిరిగి, వెనకది తెల్లగా పొడవుగా మెలికలు పడి. ఆ వెనక భాగాన్ని తీసి, టెఫ్లాన్ పిడి ఉన్న గాజు నూరుడు గొట్టంలో బఫరు పోసి, ఐసులోనే నూరేవాళ్లం. బఫరులో మెర్కాప్టోఇథనాల్ ఉండేది. దాని వాసన చొక్కాకు పట్టుకుంటే హాస్టలు మెస్సులో పక్కన ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. నూరినదాన్ని భూమి ఆకర్షణకు లక్ష రెట్ల బలం పడేలా గంటసేపు తిప్పితే పైన తేటగా మిగిలిన ద్రవంలో ఎంజైము ఉండేది.

బావ అడిగిన ప్రశ్న ఇక్కడే ఎదురయ్యేది. పట్టుగ్రంథి నిండా పురుగు సొంత గ్లైసిన్ ఉంటుంది, గుర్తు లేని గ్లైసిన్. దాన్ని అలాగే వదిలి గుర్తున్న గ్లైసిన్ కలిపితే రెండూ కలిసిపోయి, ఎంజైము ఎంత చురుగ్గా ఉన్నా కౌంట్లు తక్కువే వస్తాయి. పైగా పండబోయే పురుగులో గ్లైసిన్ ఇంకా ఎక్కువ. అంటే ఎంజైము పెరిగిన రోజునే తగ్గినట్టు అంకె చెబుతుంది. అందుకని తేటను సెఫాడెక్స్ జల్లెడ స్తంభంలో పోసి, చిన్న అణువులను వెనక నిలిపేసి, పెద్ద ప్రోటీన్లను ముందుగా రాబట్టుకునేవాళ్లం. ఆ తర్వాతే లెక్క మొదలు.

ఆ లెక్క ఇలా ఉండేది. ఒక మైక్రోక్యూరీ అంటే నిమిషానికి 22 లక్షల 20 వేల పరమాణువులు విచ్ఛిన్నం కావడం. మిల్లీమోలుకు 100 మిల్లీక్యూరీల గ్లైసిన్ వాడితే పైకోమోలుకు నిమిషానికి 222 విచ్ఛిన్నాలు. ఆరిన వడపోత కాగితం మీద యంత్రం వాటిలో సుమారు 70 శాతమే పట్టుకోగలదు. అంటే 155 కౌంట్లు వస్తే ఒక పైకోమోలు గ్లైసిన్ టీఆర్ఎన్ఏకు అతుక్కున్నట్టు. ఈ గుణకారం ఒకసారి ఒంటపడితే కాగితం మీద అంకె చూడగానే అణువులు కనపడేవి.

37 డిగ్రీల నీటితొట్టిలో గొట్టాలు, స్టాపువాచీ, నిమిషాల చొప్పున తీసే చుక్కలు. ప్రతి చుక్కనూ గుండ్రటి వాట్‌మన్ కాగితం బిళ్ల మీద వేసి, వెంటనే చల్లటి ట్రైక్లోరో అసిటిక్ ఆమ్లంలో పడేయాలి. 1961లో మ్యాన్స్, నొవెల్లీ చెప్పిన పద్ధతి ఇది. బిళ్లకు గుండుసూది గుచ్చి, పెన్సిలుతో నంబరు వేసి, థర్మోకోల్ పలక మీద వరుసగా నిలబెట్టేవాళ్లం. సిరాతో రాస్తే ఆమ్లంలో కరిగి అంతా అలుముకుంటుంది, కౌంటర్లో వెలుగును కూడా మింగేస్తుంది. అతుక్కోని గ్లైసిన్ కడుగులో పోతుంది. టీఆర్ఎన్ఏకు అతుక్కున్నది చల్లటి ఆమ్లంలో కాగితం మీదే నిలుస్తుంది. అదే ఆమ్లాన్ని 90 డిగ్రీలకు వేడిచేస్తే ఆ అతుకు తెగి గ్లైసిన్ ఊడిపోతుంది. ప్రోటీన్‌లో కలిసిపోయింది మాత్రం వేడికి కూడా చెక్కుచెదరదు. కాబట్టి కొన్ని బిళ్లలు చల్లగా, కొన్ని వేడిగా కడిగి, రెంటి తేడా చూస్తే మనకు కావలసింది తేలుతుంది. చివర ఆల్కహాలు, ఈథరు కడుగులో తడీ పోయేది, పసుపు గూడు కట్టే జాతుల్లో ఉండే పసుపు రంగూ పోయేది. ఆ రంగు మిగిలితే వెలుగును దాచేస్తుంది.

తర్వాత బిళ్లను గాజు సీసాలో వేసి టోలుయీన్ పోసేవాళ్లం. అందులో పీపీఓ, పోపాప్ అనే రెండు పొడులు కరిగి ఉండేవి. బీటా కణం తగిలితే అవి క్షణకాలం మెరుస్తాయి. ఆ మెరుపును చీకట్లో ఎదురెదురుగా ఉన్న రెండు ఫొటో గొట్టాలు ఒకేసారి చూస్తేనే యంత్రం దాన్ని ఒకటిగా లెక్కవేస్తుంది. ఒక గొట్టమే చూస్తే అది దాని సొంత భ్రమ అని వదిలేస్తుంది. యంత్రం బెక్‌మన్‌దో, ఎల్‌కేబీదో, ప్యాకార్డ్‌దో అయ్యేది. 1967లో హైదరాబాదులో పెట్టిన ఈసీఐఎల్ కూడా ఇలాంటి కౌంటర్లు తయారుచేసింది.

కౌంటరు గదిలో ఏసీ ఉండేది, అందుకే ఎండాకాలంలో అందరికీ అక్కడే పని. సీసాలను ట్యూబులైటు కింద పెట్టి వెంటనే లెక్కిస్తే గాజు కూడా మెరుస్తుందని కొన్ని గంటలు చీకట్లో ఉంచాలి. ఇక సమయం సంగతి. కౌంట్లలో తప్పు వాటి వర్గమూలమంత. పది వేల కౌంట్లు వస్తే తప్పు వంద, అంటే ఒక శాతం. తొమ్మిది వందలే వస్తే తప్పు ముప్పై, మూడు శాతం పైన. నిమిషానికి వంద కౌంట్ల సీసాకు ఒక శాతం నమ్మకం కావాలంటే వంద నిమిషాలు ఆగాలి. అలాంటి సీసాలు ట్రేల నిండా ఉంటే? యంత్రం ముందు వేలాడే రిజిస్టరులో రాత్రి వంతుల కోసం పోట్లాటలు అందుకే. ఎవరి ట్రే ముందు పెట్టారన్న తగాదాతో మాటలు మానేసిన స్నేహితులను చూశాను. అర్ధరాత్రి టెలిటైపు టకటకమంటూ కాగితం కక్కుతుండగా కరెంటు పోతే మళ్లీ మొదటి సీసా నుంచి. పొద్దున్నే ఆ పొడుగు కాగితం చించుకుని, టీ కొట్టు దగ్గర నిలబడి పెన్సిలుతో తీసివేతలు చేసేవాళ్లం.

గాజు సీసాలు ఖరీదు. ఒకసారి వాడి పారేసే స్తోమత లేదు. కాగితం బిళ్ల తీసేసి, ఖాళీ టోలుయీన్‌ను మళ్లీ లెక్కించి, మామూలు స్థాయిలో ఉంటే ఇంకోసారి వాడేవాళ్లం. కడగాల్సిన సీసాలు కోలారు వైపు తెలుగాయన, మా ల్యాబ్ అసిస్టెంటు కడిగేవాడు. ఆయనను నేను అన్నా అనేవాణ్ణి. వయసులో పెద్దవాడైనా నన్ను సార్ అనేవాడు. ఆయన చదివింది ఎనిమిదో తరగతి. మా ప్రయోగాలకు ఆయన పెట్టిన పరీక్ష మాత్రం ఏ ప్రొఫెసరూ పెట్టలేదు. “సార్, పోసింది ఎంత? పేపరు మీద ఎంత? కడిగిన నీళ్లలో ఎంత? నూరిన పిప్పిలో ఎంత? అన్నీ కూడితే మొదటిది రావాల. రాలేదంటే మిగిలింది యాడికి పోయినట్టు?” ఆయన ప్రశ్న, బల్ల మీద ఎక్కడైనా చిందిందేమో అన్న భయంలోంచి పుట్టింది. మా శాస్త్రానికి అదే పునాది అయింది. పోసిన గుర్తుకు లెక్క తేలకపోతే ఎంజైము గురించి ఏం చెప్పినా నమ్మేవాళ్లం కాదు.

పక్క బల్లల మీద వేరే అద్భుతాలు జరిగేవి. ఒకాయన ఆర్నిథిన్ డీకార్బాక్సిలేజ్ కొలిచేవాడు. మూతబిగించిన ఫ్లాస్కు మధ్యలో చిన్న గిన్నె, అందులో క్షారంలో తడిపిన కాగితం. ఎంజైము విడిచిన కార్బన్ డయాక్సైడు గాల్లోకి లేచి ఆ కాగితానికి పట్టుకునేది. కణజాలం విడిచిన ఊపిరిని పట్టి లెక్కపెట్టడమే అది. ఇంకొకరు ఫాస్ఫరస్-32 ఏటీపీతో కైనేజ్ ఎంజైములు చూసేవాళ్లు. ఆ ఫాస్ఫరస్ అర్ధాయువు 14.3 రోజులే. అందుకే వాళ్ల జీవితం క్యాలెండరు చెప్పినట్టు నడిచేది. పార్సెల్ వచ్చిన వారం పెళ్లిళ్లకు కూడా వెళ్లేవాళ్లు కాదు.

భయం లేదా అని ఊళ్లో అడిగేవాళ్లు. భయం కన్నా పద్ధతి ఎక్కువ. కార్బన్-14 బీటా గాల్లో అడుగు దూరం దాటదు, చర్మం పైపొర దాటి లోపలికి పెద్దగా పోదు. మింగితేనే ముప్పు. అందుకే నోటితో పిపెట్ పీల్చడం నిషేధం. ఫాస్ఫరస్-32 గాల్లో అనేక అడుగులు వెళ్తుంది, కానీ సెంటీమీటరు మందం యాక్రిలిక్ పలక దాన్ని ఆపేస్తుంది. సీసం పెడితే ఎక్స్ కిరణాలు పుడతాయి గనుక ముందు ప్లాస్టిక్కే. ట్రైటియం మరీ బలహీనం, గీగర్ కౌంటరుకు కూడా దొరకదు. బల్లను తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని సీసాలో వేసి లెక్కించడమే దానికి మార్గం. ఛాతీకి బ్యాడ్జీ, పాదంతో తెరిచే చెత్తడబ్బా, మూడు రెక్కల గుర్తున్న తలుపు. వాటి మీద 1983 నుంచి అణుశక్తి నియంత్రణ మండలి నిఘా. శుక్రవారం సాయంత్రం గీగర్ కౌంటరు పట్టుకుని గదంతా తిరిగి, చిటచిటలు ఎక్కువైన చోట సుద్దముక్కతో గీత గీసి, తుడిచి, మళ్లీ వినడం మా వంతుల పని.

ఇది బెంగళూరుకే పరిమితం కాదు. హైదరాబాదులో సీసీఎంబీ ప్రాంగణంలో బ్రిట్ వాళ్ల జొనాకి ప్రయోగశాల ఫాస్ఫరస్-32 న్యూక్లియోటైడ్లు తయారుచేసి దేశమంతా పంపేది. 1988 ప్రాంతంలో అదే సీసీఎంబీలో లాల్జీ సింగ్ కట్లపాము జాతి డీఎన్ఏ నుంచి తీసిన బీకేఎం ప్రోబుకు ఆ ఫాస్ఫరస్ గుర్తే పెట్టి, ఎక్స్‌రే ఫిల్ము మీద డీఎన్ఏ వేలిముద్రలు తీశారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో కల్లూరి సుబ్బారావు వయసు మీరిన ఎలుకల మెదడు నాడీకణాల్లో డీఎన్ఏను మరమ్మత్తు చేసే ఎంజైములు ఎంత మిగిలి ఉంటాయో చూశారు. ఆస్పత్రుల్లో థైరాయిడ్ పరీక్షలు అయోడిన్-125తో చేసేవాళ్లు. రోజలిన్ యాలోకు 1977లో నోబెల్ తెచ్చిన పద్ధతి అది. హిందూపురం వాళ్లు ఆ పరీక్ష కోసం బెంగళూరు వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ధర్మవరంలో రక్తం ఇస్తే సాయంత్రానికి ఫలితం ఫోనుకే వస్తుంది, అందులో రేడియోధార్మికత చుక్క కూడా లేదు.

ఆ బతుకు ఎందుకు పోయింది? ఒక్క కారణం కాదు. మెరిసే రంగులు, మిణుగురు ఎంజైముతో వెలుగు పుట్టించే పద్ధతులు, మాస్ స్పెక్ట్రోమీటర్లు పైకోమోలు దాకా దిగాయి. టోలుయీన్ వ్యర్థాన్ని ఎక్కడ పోయాలన్నది పెద్ద ప్రశ్న అయింది. అనుమతులు, తనిఖీలు, శిక్షణ పొందిన భద్రతాధికారి లేకపోతే గది తెరవకూడదు, తెరవకూడదనడమూ న్యాయమే. పాత కౌంటర్లకు విడిభాగాలు దొరకలేదు. కొత్తగా వచ్చే విద్యార్థి, ముఖ్యంగా గర్భంతో ఉన్న విద్యార్థిని, ఆ తలుపు తట్టాల్సిన అవసరం తప్పడం మంచిదే. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను.

పూర్తిగా పోయిందీ లేదు. మా జిల్లా క్యాన్సర్ రోగులు బెంగళూరులో తీయించుకునే పెట్ స్కాన్ మా పనికి వారసుడే. 1977లో లూయీ సొకొలాఫ్ కార్బన్-14 డీఆక్సీగ్లూకోజుతో మెదడులో ఏ భాగం ఎంత గ్లూకోజు వాడుతోందో కొలిచాడు. పెట్‌లో ఆ చోట ఫ్లోరిన్-18 వచ్చింది, దాని అర్ధాయువు 110 నిమిషాలు. హెక్సోకైనేజ్ ఎంజైము ఆ చక్కెరకు ఫాస్ఫేటు తగిలించి కణంలోనే బంధిస్తుంది. గడ్డ తెర మీద వెలిగేది అందుకే. అంటే బతికి ఉన్న మనిషి కణజాలంలో ఎంజైము పని కొలవడం ఇప్పుడు ఆస్పత్రిలో రోజువారీ వ్యవహారం.

పోయింది మాత్రం ఒకటుంది, దాన్ని నేను నష్టమనే అంటాను. అది లెక్క అప్పజెప్పే అలవాటు. ఈరోజు కిట్టు డబ్బా తెరిచి, మూడు ద్రావణాలు కలిపి, ప్లేటు పెడితే తెర మీద అంకె వస్తుంది. ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో, దేన్ని తీసేశాక వచ్చిందో యంత్రం అడగదు, విద్యార్థీ అడగడు. కణజాలంలో ముందే ఉన్న గ్లైసిన్ సంగతి కిట్టుకు తెలియదు. నూరినదాని రంగు వెలుగును ఎంత మింగిందో కిట్టు చెప్పదు. మాకు ఆ తెలివి సహజంగా రాలేదు. రేడియోధార్మికత మా చేత లెక్క చెప్పించింది. ప్రతి మైక్రోక్యూరీకి సంతకం పెట్టాలి కనుక, ప్రతి కౌంటుకూ ఆచూకీ వెతికాం. చట్టం భద్రత కోసం పెట్టిన రిజిస్టరు మాకు శాస్త్రం నేర్పింది.

అనంతపురంలోని శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో, హిందూపురం పక్కన కిరికెరలోని రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థలో ఈ రోజు పట్టుగ్రంథి మీద పనిచేస్తున్న పిల్లలకు ఒక మాట. కిట్లు కొనండి, నిశ్చింతగా వాడండి. కానీ ప్రతి ప్రయోగంలో మూడు గొట్టాలు అదనంగా పెట్టండి. ఒకటి ఎంజైము లేకుండా. ఒకటి మరిగించిన ఎంజైముతో. ఒకటి, ఎంత ఉందో మీకు ముందే తెలిసిన ఉత్పత్తిని మీ చేత్తో కలిపి. మూడోదాంట్లో మీరు పోసింది పోసినంతా తిరిగి రావాలి. రాకపోతే, ఎంత అందమైన గ్రాఫు వచ్చినా, ఆ పూట ఫలితాన్ని నోటుబుక్కులో ఎక్కించకండి.